స్పోర్ట్స్ కారు బేరం: రెడీ సరుకా, ఆర్డరా?

సరుకు రెడీలో కొనాలా, వాయిదాకు కొనాలా అన్న ప్రశ్న బజారులో పుట్టి పెరిగినవారికి కొత్తది కాదు. గుంటూరు యార్డులో టిక్కీ విప్పి, మచ్చు చూసి, అప్పటికప్పుడు ధర తేల్చుకునేవారు ఒక రకం. పంట చేతికి రాకముందే ధర మాట్లాడుకుని బయానా ఇచ్చేవారు మరొక రకం. లక్ష డాలర్ల స్పోర్ట్స్ కారు కొనబోయే వ్యక్తి ముందున్నదీ ఇదే ప్రశ్న. డీలరు దుకాణంలో సిద్ధంగా ఉన్న కారును తీసుకోవచ్చు. లేదా రంగు, సీట్లు, చక్రాలు, బ్రేకులు ఒక్కొక్కటిగా ఎంచుకుని కంపెనీకి ఆర్డరు పెట్టి నెలల తరబడి ఎదురు చూడవచ్చు.

ఈ బేరంలో వర్తకులు సాధారణంగా పొరపడే చోటు ఒకటున్నది. కారు ఆర్డరును వాయిదా ఒప్పందం వంటిదిగా భావించడమే ఆ పొరపాటు. వాయిదా ఒప్పందంలో నాణ్యం, ధర, గడువు మూడూ ముందే ఖాయమవుతాయి. కారు ఆర్డరులో చాలా సందర్భాలలో ఖాయమయ్యేది నాణ్యం ఒక్కటే. ధర కదలవచ్చు, గడువు జరగవచ్చు. కొనుగోలుదారు చేతికి వచ్చేది ఒప్పందం కాదు, వరుసలో ఒక చోటు మాత్రమే. ఈ తేడా గ్రహించినవారికి మిగతా లెక్క సులువు.

రెడీ సరుకు ఎవరి ఎంపిక?

దుకాణంలో ఉన్న కారును కూడా ఎవరో ఒకరు ఆర్డరు చేసినదే. ఆ చేసినవాడు డీలరు. అతడు తన అభిరుచి కోసం ఎంచుకోడు, త్వరగా అమ్ముడుపోతుందనుకున్న రకాన్ని తెప్పిస్తాడు. అందుకే రెడీ కార్లలో తెలుపు, నలుపు, బూడిద రంగులు ఎక్కువగా కనిపిస్తాయి. గేర్లు తమంతట తామే మారే రకానికి ప్రాధాన్యం. లాభం ఎక్కువగా ఉండే అదనపు హంగులు కూడా ముందే ఎక్కి ఉంటాయి. కొనేవాడికి అక్కరలేనివి వాటిలో కొన్ని తప్పక ఉంటాయి. రెడీ సరుకు అసలు ఖరీదు అక్కడే దాగి ఉన్నది.

అయితే రెడీ సరుకుకు బేరమాడే వీలున్నది. అమెరికాలో డీలర్లు సొంత డబ్బుతో కార్లు తెచ్చి పెట్టుకోవడం అరుదు. నిల్వ ఉన్న ప్రతి కారు మీదా అప్పు ఉంటుంది. దీనిని అక్కడ ఫ్లోర్ ప్లాన్ అంటారు. లక్ష డాలర్ల కారుపై ఏడాదికి 8 శాతం వడ్డీ అనుకుంటే రోజుకు దాదాపు 22 డాలర్లు పడుతుంది. కారు 90 రోజులు కదలకపోతే సుమారు 2 వేల డాలర్లు వడ్డీకే పోతుంది. కోల్డు స్టోరేజి అద్దె కట్టే వర్తకుడికి ఈ బాధ వివరించనవసరం లేదు. అందువల్ల రెడీ కారు బేరంలో మొదట తెలుసుకోవలసినది అది దుకాణానికి వచ్చి ఎన్ని రోజులయిందన్న సంగతి. కొత్త ఏడాది మోడలు దిగే ముందు పాత మోడలు మెత్తబడుతుంది. మంచు పడే రాష్ట్రాలలో చలికాలం రాగానే పైకప్పు తెరిచే కార్లకు గిరాకీ సన్నగిల్లుతుంది.

అమెరికాలో కొత్త కారు అద్దానికి ధరల పట్టీ అంటించి ఉండాలని 1958లో చట్టం వచ్చింది. దానికి కారకుడైన సెనేటర్ మన్రోనీ పేరుతోనే ఆ పట్టీని ఇప్పటికీ పిలుస్తారు. కారు అసలు ధర, అదనపు హంగుల ధరలు, రవాణా ఖర్చు అన్నీ విడివిడిగా అందులో ఉంటాయి. కానీ అది కంపెనీ సూచించిన ధర మాత్రమే. డీలరు దానికి కట్టుబడి ఉండనవసరం లేదు. మందీలో పట్టీ కంటే తగ్గించి ఇస్తాడు, తేజీలో దాని మీద వేలకు వేలు కలుపుతాడు.

ఆర్డరు అంటే కోటాలో చోటు

ఆర్డరు ఇవ్వగానే కారు తయారీ మొదలవుతుందని అనుకోరాదు. కంపెనీ ఒక్కొక్క డీలరుకు ఇన్ని కార్లని కోటా కేటాయిస్తుంది. ఎక్కువ అమ్మిన డీలరుకు ఎక్కువ కోటా. ఆ కోటాలో ఖాళీ వచ్చేదాకా ఆర్డరు కాగితం మీదనే ఉంటుంది.

జనరల్ మోటార్స్ కంపెనీ షెవర్లే కార్వెట్ కారునే ఉదాహరణగా తీసుకుందాం. దానిని కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ ఫ్యాక్టరీలో తయారు చేస్తారు. ఆర్డరు ఎక్కడిదాకా వచ్చిందో తెలిపేందుకు కంపెనీ అంకెల గుర్తులు వాడుతుంది. 1100 అంటే డీలరు ఆర్డరు రాసుకున్నాడు, అంతే. 2000 అంటే కంపెనీ అంగీకరించింది. 3000 అంటే ఫ్యాక్టరీ తయారీ జాబితాలోకి ఎక్కింది. 3800 అంటే కారు తయారయింది. 4200 అంటే రవాణాకు బయలుదేరింది. 5000 అంటే డీలరుకు చేరింది. 6000 అంటే కొన్నవారి చేతికి వచ్చింది.

అడ్వాన్సు ఇచ్చి నెలల తరబడి 1100 దగ్గరే ఆగిపోయిన ఆర్డరుకు మార్కెటులో విలువ స్వల్పం. కనుక అడ్వాన్సు ఇచ్చే ముందు అడగవలసిన ప్రశ్న కారు ఎప్పుడు వస్తుందన్నది కాదు. ఈ డీలరుకు ఏడాదికి ఎన్ని కార్ల కోటా ఉన్నది, తన ముందు ఎందరున్నారు అన్నది. మొదటి ప్రశ్నకు నోటి మాటే జవాబు. రెండవ దానికి అంకెలు చెప్పవలసి వస్తుంది.

మన పాతతరం వర్తకులకు ఇది ఎరిగిన సంగతే. స్కూటరు బుక్ చేసి ఏళ్ల తరబడి కాచుకున్న రోజులు వారికి గుర్తే. 1983లో మారుతి కారు వచ్చినప్పుడు 10 వేల రూపాయలు కట్టి పేరు నమోదు చేయించుకున్నవారూ ఉన్నారు. చేతికి వచ్చిన వాహనానికి బయట ఆన్ పలికిన వైనమూ తెలిసినదే. స్పోర్ట్స్ కార్ల మార్కెటు నేటికీ దాదాపు అదే పద్ధతిలో నడుస్తున్నది.

సమ్మె, కరోనా, సుడిగాలి

ఆర్డరులో గడువు ఎలా జరుగుతుందో 2020 కార్వెట్ చరిత్ర చెబుతుంది. ఇంజను మధ్యభాగానికి మారిన ఈ కొత్త కారును 2019 జులైలో చూపించారు. ప్రారంభ ధర 60 వేల డాలర్లలోపే అనడంతో ఆర్డర్లు వెల్లువెత్తాయి. సెప్టెంబరులో ఆటో కార్మికుల సమ్మె మొదలై అక్టోబరు ఆఖరుదాకా సాగింది. అమ్మకానికి కార్ల తయారీ 2020 ఫిబ్రవరిలో గాని మొదలు కాలేదు. మార్చిలో కరోనాతో ఫ్యాక్టరీ మూతపడి మే ఆఖరులో తెరుచుకున్నది. ఆ మోడలు ఏడాదికి 20 వేల పైచిలుకు కార్లే తయారయ్యాయి. మిగిలిన ఆర్డర్లను 2021 మోడలుకు మార్చవలసి వచ్చింది.

అప్పుడు ఆర్డరుదారులను ఆదుకున్నది ప్రారంభ ధర. 2021 మోడలును కూడా పాత ప్రారంభ ధరకే, అంటే 59,995 డాలర్లకే కంపెనీ విడుదల చేసింది. కానీ అది కంపెనీ నిర్ణయమే తప్ప ఆర్డరు పత్రం ఇచ్చిన హక్కు కాదు. అదే కారు ప్రారంభ ధర 2025 మోడలు నాటికి రవాణాతో కలిపి 70 వేల డాలర్లు దాటింది. ఐదేళ్లలో సుమారు 17 శాతం పెరుగుదల. ఏడాదికి సగటున 3 శాతం పైమాటే. ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

2021 డిసెంబరు 11న బౌలింగ్ గ్రీన్ మీదుగా సుడిగాలి వీచింది. ఫ్యాక్టరీ కప్పు దెబ్బతిని మంటలు లేచాయి. లోపల ఉన్న 120కి పైగా కార్లు పనికిరాకుండా పోయాయి. అవి దాదాపుగా తయారైనవి. చేతికి రాబోతున్నదనుకున్న కారు కోసం వాటి యజమానులు మళ్లీ మొదటినుంచి కాచుకోవలసి వచ్చింది.

సముద్రం మీది సరుకు

ఐరోపా నుంచి వచ్చే కార్లకు మరొక గండం ఉన్నది. 2019 మార్చిలో గ్రాండే అమెరికా అనే ఓడ మంటలంటుకుని బిస్కే అఖాతంలో మునిగిపోయింది. అందులో బ్రెజిల్ వెళ్తున్న పోర్షె 911 జీటీ2 ఆర్ఎస్ కార్లు నాలుగు ఉన్నాయి. అప్పటికే ఆ రకం తయారీ ముగిసింది. అయినా ఆ కొనుగోలుదారుల కోసం పోర్షె తిరిగి తయారీ ప్రారంభించింది.

2022 ఫిబ్రవరిలో ఇంకా పెద్ద నష్టం జరిగింది. ఫెలిసిటీ ఏస్ అనే ఓడ జర్మనీలోని ఎమ్డెన్ రేవు నుంచి అమెరికాకు బయలుదేరింది. దానిలో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకు చెందిన సుమారు 4 వేల వాహనాలు ఉన్నాయి. వాటిలో దాదాపు 1,100 పోర్షె కార్లు. అజోర్స్ దీవుల సమీపంలో నిప్పంటుకున్నది. సిబ్బందిని సురక్షితంగా తీసుకువచ్చారు గాని ఓడ మార్చి 1న మునిగిపోయింది. ఆఖరి విడతగా చేసిన లంబోర్గిని అవెంటడోర్ కార్లు కొన్ని అందులో పోవడంతో వాటి స్థానంలో కొత్తవి తయారు చేసి ఇవ్వవలసి వచ్చింది.

ఇటువంటి సందర్భాలలో కారు ఇంకా కొన్నవారి సొత్తు కాదు గనుక సరుకు నష్టం వారి మీద పడదు. పడేది కాలనష్టం. ఆ కాలంలో ధర, సుంకం, వడ్డీ మారితే ఆ భారం ఎవరిదన్నదే అసలు తగవు.

సుంకం మారితే భారం ఎవరిది?

2025 ఏప్రిల్ 3 నుంచి అమెరికా దిగుమతి కార్లపై 25 శాతం అదనపు సుంకం విధించింది. ఐరోపా కార్లపై అంతకు ముందున్నది 2.5 శాతమే. తర్వాత కుదిరిన ఒప్పందం ప్రకారం ఐరోపా కార్లపై మొత్తం సుంకాన్ని 15 శాతానికి తగ్గించి, ఆగస్టు 1 నుంచి వర్తింపజేశారు. నాలుగు నెలల్లో సుంకం 2.5 నుంచి 27.5కు ఎక్కి, అక్కడి నుంచి 15కు దిగింది. ఏప్రిల్ 2 లోపు అమెరికాలో దిగిన కార్లకు పాత షరతులే ఉంటాయని ఫెరారీ ప్రకటించింది. ఆ తర్వాత దిగే వాటిలో కొన్ని మోడళ్లకు 10 శాతం వరకు పెంపు ఉంటుందన్నది. ఆ వసంతంలో రేవు దాటి లోపలికి వచ్చిన రెడీ కారుకూ, ఇంకా ఓడ మీద ఉన్న ఆర్డరు కారుకూ మధ్య తేడా ఇదే.

మన దేశంలో గాలి ఒకసారి ఎదురు దిక్కుకు వీచింది. 2025 సెప్టెంబరు 21 దాకా పెద్ద ఇంజను కారుపై 28 శాతం జీఎస్టీ, ఆ పైన 20 శాతం సెస్సు ఉండేవి. 22వ తేదీ నుంచి సెస్సు పోయి 40 శాతం జీఎస్టీ ఒక్కటే మిగిలింది. ఆగస్టులో రెడీ కారు కొన్నవారు 48 శాతం కట్టారు. ఆర్డరు పెట్టి కాచుకున్నవారు 40తో బయటపడ్డారు. ఓపిక పట్టినవారికి లాభం కలిగినా అది వారి తెలివి కాదు, కాలం కలిసిరావడమే. దీనికితోడు 2025 బడ్జెటు ప్రకారం 40 వేల డాలర్లు దాటిన దిగుమతి కారుపై 70 శాతం కస్టమ్స్ సుంకం, 40 శాతం సెస్సు కలిసి 110 శాతం పడింది. ఇంత సుంకమున్న సరుకులో యూరో మారకం ఒక రూపాయి కదిలితే బిల్లులో రెండు రూపాయలకు పైగా కదలిక వస్తుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని జర్మనీ కారుకు ఆర్డరు పెట్టేవారు తమకు తెలియకుండానే విదేశీ మారకంలో వాయిదా వ్యాపారం చేస్తున్నట్లే.

ఒక లెక్క

రెండు దారులనూ ఒక కాగితం మీద పెట్టి చూద్దాం. ఒక కొనుగోలుదారు వద్ద 40 వేల డాలర్లు పలికే పాత కారు ఉన్నదనుకుందాం. దుకాణంలోని రెడీ కారు పట్టీ ధర లక్ష. అందులో అక్కరలేని హంగులు 8 వేలు. డీలరు 4 వేలు తగ్గించి 96 వేలకు ఇస్తానన్నాడు. పాత కారు పోను ఈనాడే 56 వేలు కట్టాలి. ఆ సొమ్ముకు పది నెలల వడ్డీ 4 శాతం చొప్పున సుమారు 1,870. మొత్తం 57,870.

ఆర్డరు పెడితే కావలసిన కారు 92 వేలకే వస్తుంది, అయితే పది నెలల తర్వాత. అప్పటికి పాత కారు 37 వేలే పలుకుతుంది. ధర కదలకపోతే కట్టవలసినది 55 వేలు. అంటే ఆర్డరులో దాదాపు 2,900 డాలర్ల లాభం. ధర 3 శాతం పెరిగితే కట్టేది 57,760. అప్పుడు రెండూ సమానమే. 5 శాతం పెరిగితే 59,600, రెడీ కారే చవక. బయానా మీది వడ్డీ ఇందులో వేయలేదు.

పైన చెప్పిన కార్వెట్ ధర ఏడాదికి 3 శాతానికి పైగా పెరిగిన సంగతి ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి. మామూలు రోజులలో ఈ రెండు దారులకూ డబ్బులో పెద్ద తేడా ఉండదన్నమాట. అటువంటప్పుడు కావలసిన కారు కోసం ఆర్డరు పెట్టడంలో తప్పు లేదు. సుంకాలు, మారకం నిలకడ లేనప్పుడు మాత్రం తూకం రెడీ వైపు మొగ్గుతుంది. తేజీ ముదిరి రెడీ సరుకు పట్టీ ధర మీద 10 వేలు, 20 వేలు పలికే వేళ పట్టీ ధరకే ఆర్డరు తీసుకునే డీలరు దొరికితే ఆ చోటును వదులుకోరాదు. 2021, 22లలో చిప్పుల కొరత వల్ల అమెరికా బజారులో సరిగా ఇదే జరిగింది.

తిరిగి అమ్మేవారికి

ఆర్డరు కారును చేతికి రాగానే లాభానికి అమ్ముదామనుకునే వర్తకులు షరతులు చదవాలి. ఫోర్డ్ జీటీ కారును రెండేళ్లదాకా అమ్మరాదన్న షరతు ఉండేది. దానిని అతిక్రమించారని నటుడు, మల్లయోధుడు జాన్ సీనాపై ఫోర్డ్ 2017లో దావా వేసింది. 2018లో రాజీ కుదిరింది. కార్వెట్ జెడ్06ను 12 నెలల లోపు అమ్మితే కొత్త యజమానికి వారంటీ బదిలీ కాదని జనరల్ మోటార్స్ 2022లో ప్రకటించింది.

ఎంపిక విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. జాబితాలో లేని ప్రత్యేకమైన రంగును అదనపు సొమ్ముకు వేసి ఇచ్చే పద్ధతి పోర్షెలో ఉన్నది. అటువంటి కారుకు తిరిగి అమ్మేటప్పుడు కొందరే కొనుగోలుదారులు ఉంటారు. వారిలో ఒకరు దొరికితే మంచి ధర, దొరకకపోతే నెలల తరబడి నిల్వ. తను వాడుకునేందుకు కొనేవారు మనసుకు నచ్చినది ఎంచుకోవచ్చు. అమ్మేందుకు కొనేవారు బజారుకు నచ్చినది ఎంచుకోవాలి.

మూడవ దారి

ఈ రెండింటి మధ్య చాలామంది అడగని దారి ఒకటున్నది. అది దారిలో ఉన్న సరుకు. డీలరు తన కోటాలో ముందే పెట్టుకున్న ఆర్డర్లు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. కార్వెట్ విషయంలో ఆర్డరు 3000 గుర్తు దాటనంతవరకు రంగు, హంగులు మార్చుకునే వీలున్నది. ఇతర కంపెనీలలో కూడా ఇటువంటి ఆఖరు తేదీ ఉంటుంది. ఆ తేదీలోపు దొరికిన ఆర్డరును తనకు కావలసినట్లు మార్చుకుంటే సగం వరుస అప్పటికే గడిచిపోయినట్లు. ఎవరైనా వద్దనుకున్న ఆర్డర్లు కూడా ఇలాగే చేతికి వస్తాయి. కొద్దిపాటి రాజీతో నెలల కాలం మిగులుతుంది.

ఏ దారి ఎంచుకున్నా బయానా ఇచ్చే ముందు నాలుగు సంగతులు కాగితం మీదకు రావాలి. పట్టీ ధర మీద డీలరు ఏమైనా కలుపుతాడా? డెలివరీలోపు కంపెనీ ధర గాని, ప్రభుత్వ సుంకం గాని మారితే ఎవరు భరించాలి? ఏ తేదీ దాటితే బయానా వెనక్కు ఇస్తారు? మోడలు ఏడాది మారితే ఆర్డరు తనంతట తానే కొత్త మోడలుకు మారుతుందా, కొన్నవారి అనుమతి కావాలా? ఈ నాలుగింటికీ సంతకంతో జవాబు ఇచ్చే డీలరు వద్ద ఆర్డరు పెట్టవచ్చు. అలా ఇవ్వడానికి సందేహించే డీలరు వద్ద కళ్ల ముందున్న కారును బేరమాడి, తాళం చెవి చేతికి తీసుకుని డబ్బు ఇవ్వడమే క్షేమం.